కాఫీలో గ్యాస్ కనబడలేదు

గోదావరిఖని,
1 నవంబరు 2010

చిరంజీవి శాంతిరాజ్‌కు,

గోదావరిఖని నుంచి యేసయ్య రాయునది. 'దీవించి రాయునది' అనడం మర్యాద. కానీ ఆ 'దీవించి' ఉండాల్సిన చోట ప్రస్తుతానికి ఖాళీ వదిలాను. అది నింపాలా వద్దా అన్నది ముందు ముందు తేలుతుంది.

మా సారికను నీకు ఇమ్మని అడుగుతూ నువ్వు రాసిన నాలుగు పేజీలు అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి కోపంగా, రెండోసారి కళ్ళద్దాలు పెట్టుకుని. మీ నాన్న గోలేటి గనిలో నాతో కలిసి డ్యూటీ చేసినవాడు, మంచి మనిషి. మీ చెల్లెలూ సారికా మంచిర్యాలలో ఒకే బడిలో పాఠాలు చెబుతారు కాబట్టి మీ పరిచయం ఎట్లా అయిందో కూడా అర్థమైంది. అర్థం కానిది నీ ఉద్యోగం ఒక్కటే.

పాడేరు కొండల్లో రైతుల సంఘంలో కాఫీ రుచి చూసే పని అని రాశావు. చెంచాతో చప్పుడు చేస్తూ జుర్రి, నోట్లో తిప్పి, ఉమ్మేస్తారట. దానికి జీతం కూడా ఉందట. ఈ మాట మా పక్కింటి సదయ్యకు చదివి వినిపించాను. ముప్పై ఏళ్ళు బొగ్గు కొట్టినవాడు. "గిసొంటి కొలువు ఉన్నదని నాకు ఒక్కడన్న చెప్పలే యేసన్నా! నేను గన్నేండ్లు బొగ్గు దుమ్ము ఉమ్మిన, ఎవ్వడన్న రుచి అడిగిండా?" అన్నాడు.

ఇంకో సంగతి దాచను. బొగ్గు కంపెనీలో ఫిట్టరు పనిచేసే పిల్లవాడి సంబంధం ఒకటి వచ్చింది. కంపెనీ ఉద్యోగం అంటే మన దగ్గర ఏమిటో నీకు చెప్పనక్కర్లేదు. సారిక మాత్రం నీ పేరు తప్ప ఇంకో పేరు వినబోనని కూర్చుంది.

అందుకే ఒక పని చెయ్యి. ఆ కాఫీ పంపు. ఎట్లా చేయాలో చేత్తో రాసి పంపు. ఫోన్లు వద్దు. నేను మైనింగ్ సర్దారుగా రిటైరైన మనిషిని. అందరికంటే ముందు గనిలోకి పోయి, పైకప్పు, గాలి, గ్యాస్ చూసి, 'ఇక రండి' అని పుస్తకంలో సంతకం పెట్టడం నా పని. కాగితం మీద లేని మాట నేను నమ్మను. మా ఇంట్లో ఒక్క కప్పు కాఫీ సరిగ్గా కుదిరితే, క్రిస్మస్‌కు మీ పెద్దల్ని తీసుకుని రా. కుదరకపోతే ఫిట్టరుకు కబురు పెడతాను.

ఇట్లు,
యేసయ్య, మైనింగ్ సర్దారు (రిటైర్డ్)

తా.క.: పుస్తకాల భాషలో రాస్తున్నానని బెదరకు. రిపోర్టులు రాసిన చెయ్యి. కోపమో సంతోషమో హద్దు దాటినప్పుడే మన మాట బయటికొస్తది.

మళ్ళీ తా.క.: ఉమ్మేసిన కాఫీకి, మింగిన కాఫీకి జీతం ఒకటేనా? సదయ్య అడగమన్నాడు.


పాడేరు,
7 నవంబరు 2010

పూజ్యులైన యేసయ్య గారికి,

ప్రభువు నామంలో వందనాలు. మీ ఉత్తరం అందింది. అందులోని ఖాళీ కూడా అందింది. దాన్ని నింపుకోవడానికి నా శాయశక్తులా కష్టపడతాను.

ఒక కిలో గింజలు ఈరోజే బస్సు పార్సిల్‌లో వేస్తున్నాను. ఇవి మూడున్నర వేల అడుగుల ఎత్తులో పండినవి. ఆ ఎత్తులో చలికి పండు నింపాదిగా పండుతుంది, అందుకే గింజ గట్టిగా, రుచి చిక్కగా ఉంటుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, వాటికి పాకిన మిరియాల తీగల పక్కన పెరుగుతాయి. పండు బాగా ఎర్రబడ్డాక ఒక్కొక్కటే చేత్తో కోస్తారు. శ్రద్ధగా కాచిన కప్పులో మొదట బెల్లం, తర్వాత నిమ్మపూత, చివర్లో కొంచెం కోకో తగులుతాయి.

వేయించిన కాఫీ పది పదిహేను రోజులు దాటితే కమ్మదనం తగ్గుతుంది. అందుకే పచ్చి గింజలే పంపుతున్నాను. మీ ఇంట్లోనే వేయించుకోవచ్చు. ఎట్లాగో వచ్చే ఉత్తరంలో రాస్తాను. అప్పటిదాకా దయచేసి వాటిని ఏమీ చేయకండి.

ఇట్లు,
మీ విధేయుడు
శాంతిరాజ్

తా.క.: సదయ్య గారికి చెప్పండి, మింగితే రోజుకు అరవై కప్పులవుతాయి. అందుకే ఉమ్ముతాం.


గోదావరిఖని,
18 నవంబరు 2010

చిరంజీవి శాంతిరాజ్‌కు,

యేసయ్య రాయునది. ఖాళీ అట్లాగే ఉంది.

నీ పార్సిల్ శనివారం వచ్చింది. 'ఏమీ చేయకండి' అన్న నీ ఉత్తరం బుధవారం వచ్చింది. ఈ మధ్యలో చేయాల్సిందంతా చేసేశాం.

మూట విప్పితే ఆకుపచ్చగా, గట్టిగా గింజలు. మా ఇంటామె ఎలిజబెత్ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. "కొత్త రకం బఠాణీలు పంపిండు పిల్లగాడు. కాఫీ కంటె ముందుగాల మనల్ని మంచిగ చేసుకుందామనుకుంటుండు" అన్నది. బఠాణీలు వస్తే మన దగ్గర ఉడకబెట్టి గుడాలు చేస్తారని నీకు తెలుసు. సగం నానబోసింది. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే కుక్కరులో పెట్టింది. మూడు విజిళ్ళకు ఉడకలేదు. ఏడుకు ఉడకలేదు. పదకొండుకు ఆమె ఓపిక ఉడికిపోయింది. దించి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు వేసి పోపు పెట్టింది.

నేను రెండు చెంచాలు నమిలాను. నమలడం గురించి మాత్రమే చెప్పగలను: కష్టం. సదయ్య మాత్రం, "అల్లుడు పంపిన గుడాలు, వద్దనొద్దు" అని రెండు గిన్నెలు తిన్నాడు. "ఇంక అల్లుడు గాలేదు" అని నేను అరుస్తూనే ఉన్నాను.

ఆ తర్వాత సదయ్య తన సైకిలు మొత్తం విప్పి మళ్ళీ బిగించాడు. వాళ్ళ గోడకు సున్నం వేశాడు. సున్నం మిగిలిందని మా గోడకూ వేశాడు. మంగళవారం దాకా కన్ను మూయలేదు. అరవై ఒక్క ఏళ్ళ మనిషి, కొంచెం ఆలోచించు.

ఆ ఆదివారం సాయంత్రమే సారిక మంచిర్యాల నుంచి వచ్చి, అవి కాఫీ గింజలని చెప్పింది. గిన్నె చూసి గంటసేపు నవ్వింది. ఎవరి పక్షాన నవ్విందో తెలియలేదు.

అయినా నాకు ఒకటి చెప్పు. నేను బతుకంతా భూమి కింద పనిచేశాను. నువ్వు మూడున్నర వేల అడుగుల పైన కూర్చున్నావు. పైగా రేపు మన రాష్ట్రం మనకు వస్తే ఆ కొండలు అటు పోతాయి. అప్పుడు నా బిడ్డ ఎటు?

ఇట్లు,
యేసయ్య, మైనింగ్ సర్దారు (రిటైర్డ్)

తా.క.: మాకు వెనకవైపు ఇంకా ఒక గోడ మిగిలింది. సదయ్యకు మరో గిన్నె పెట్టమంటావా?


పాడేరు,
24 నవంబరు 2010

పూజ్యులైన యేసయ్య గారికి,

వందనాలు. తప్పు నాదే. ఉత్తరం ముందు, గింజలు వెనక పంపాల్సింది. సదయ్య గారిని క్షమించమన్నానని చెప్పండి. దయచేసి మరో గిన్నె పెట్టకండి.

మిగిలిన అర కిలోతో ఇట్లా చేయండి. ఇనుప మూకుడు వేడి చేసి, సన్నని సెగ మీద గింజలను ఆపకుండా కలుపుతూ వేయించండి. ముందు పసుపు రంగుకు, తర్వాత గోధుమ రంగుకు వస్తాయి. పది నిమిషాలకు చిటపటమని పగుళ్ళ చప్పుడు మొదలవుతుంది. అది సద్దుమణగగానే దించి, చేటలో పోసి చల్లార్చాలి. ఒక్క నిమిషం ఆలస్యమైనా మాడిపోతాయి. మర్నాడు బొంబాయి రవ్వంత పలుకుగా విసరండి.

గ్లాసు మీద శుభ్రమైన గుడ్డ కట్టి, రెండు చెంచాల పొడి వేయండి. నీళ్ళు మరిగాక దించి, ఒక నిమిషం ఆగండి. ముందు పొడి తడిసేంత మాత్రమే పోయండి. అప్పుడు పొడి పొంగుతుంది. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు అట్లా బయటికి వస్తుంది. ఆ గ్యాస్ పోయేదాకా అర నిమిషం ఆగి, మిగతా నీళ్ళు మెల్లగా, గుండ్రంగా పోయండి. పాలు, చక్కెర వద్దు.

రాష్ట్రం సంగతి అడిగారు. ఎటు పోయినా నేను గోలేటివాణ్ణే మామయ్యా. సారిక ఇక్కడికి వస్తానంటే ఇక్కడ, రానంటే ఆమె ఉన్న చోట. ఆ మాట ఆమెకు ముందే చెప్పాను.

ఇట్లు,
మీ విధేయుడు
శాంతిరాజ్

తా.క.: గింజలు వేయించేటప్పుడు పక్కన ఎవరితోనూ మాట్లాడకండి. ముఖ్యంగా సదయ్య గారితో.


గోదావరిఖని,
4 డిసెంబరు 2010

చిరంజీవి శాంతిరాజ్‌కు,

యేసయ్య రాయునది. ఖాళీ ఇంకాస్త పెద్దదైంది.

ముందుగా, నీ ఉత్తరంలో 'మామయ్యా' అని ఒక చోట ఉంది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను. పని పూర్తి కాకముందే పూర్తయినట్టు రాస్తే మా దగ్గర మెమో ఇస్తారు.

ఇక జరిగింది. మా ఇంటెనక బొగ్గు పొయ్యి ఉంది, దాని మీద మూకుడు పెట్టాం. సగం గింజలు పోసి నేనే కలిపాను. పసుపు వచ్చింది, గోధుమ రంగు వచ్చింది. అంతలో చిటపటమని పగుళ్ళ చప్పుడు. నాయనా, పగుళ్ళ చప్పుడు వింటే సర్దారు ఏం చేస్తాడు? పైకప్పు దిగే ముందు గనిలో వినబడేది ఆ చప్పుడే. నాకు తెలియకుండానే "బయటకు ఉరుకుండ్రి!" అని కేక పెట్టాను. ఎలిజబెత్ చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి ఉరికాను. సదయ్య మాకంటే ముందే అక్కడున్నాడు. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకుని తిరిగి వచ్చేసరికి మూకుడులో నల్లగా, మెరుస్తూ ఉంది. ఎలిజబెత్ మూకుడు చూసి, "గిన్నేండ్లు బొగ్గు తవ్వినవు. వండుడు గిదే మొదలు" అన్నది.

మిగిలిన సగం ఆమె నన్ను గదిలో కూర్చోబెట్టి తనే వేయించింది. రంగు నువ్వు చెప్పినట్టే వచ్చింది. విసరడానికి సమ్మవ్వ గిర్నీకి తీసుకుపోయాను. నాకంటే ముందు పెళ్ళివాళ్ళ మిరపకాయలు పట్టారని తర్వాత తెలిసింది.

అప్పుడు నీ గ్యాస్ దగ్గరికి వచ్చాం. ముందు నోటీసు లేకుండా ఒక సర్దారు ఇంటికి గ్యాస్ ఉన్న సరుకు పంపుతావా? అర నిమిషం ఆగాలా! గనిలో మందు పేల్చితే అర గంట దాకా నేను ఎవ్వరినీ లోపలికి పోనివ్వలేదు. పొయ్యి ఆర్పించాను. తలుపులు, కిటికీలు తెరిపించాను. మా వరుసలో ఏడిళ్ళ వాళ్ళూ బయటికి వచ్చారు. రిటైరైన రోజు తోటివాళ్ళు ఇచ్చిన సేఫ్టీ దీపాన్ని షోకేసులోంచి దించి, చమురు పోసి, వెలిగించి, గ్లాసు మీద పట్టుకున్నాను. బొగ్గుపులుసు వాయువు అయితే దీపం ఆరాలి. ఆరలేదు. అర గంటకు గ్లాసు చల్లబడింది. సదయ్య తాగి, పదకొండుసార్లు తుమ్మి, "చారు మంచిగున్నది" అన్నాడు.

రిపోర్టు ఇది: 'కాఫీలో గ్యాస్ కనబడలేదు. రుచి కనబడలేదు.' సంతకం పెట్టాను.

క్రిస్మస్ మూడు వారాలే ఉంది. ఫిట్టరు సంగతి నీకు గుర్తుంది కదా.

ఇట్లు,
యేసయ్య, మైనింగ్ సర్దారు (రిటైర్డ్)

తా.క.: మాడిన గింజలు పొయ్యిలో వేస్తే కంపెనీ బొగ్గు కంటే బాగా మండాయి. నీ సంఘం వాళ్ళకు చెప్పు, ఇంకో వ్యాపారం ఉంది.


పాడేరు,
10 డిసెంబరు 2010

పూజ్యులైన యేసయ్య గారికి,

వందనాలు. మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత నేను మీకు రాసినవన్నీ గుర్తు తెచ్చుకున్నాను.

కొనుక్కునేవాళ్ళకు చెప్పినట్టు మీకు ఎత్తులూ రుచులూ చెప్పాను. నా గురించి ఏమీ చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను. ఇంటర్ అయ్యాక, సెలవు పెట్టి మరీ, నాన్న నాకు గని చూపించడానికి తీసుకుపోయాడు. లోపల దీపం వెలుగులో నాన్న వీపు తప్ప ఏమీ కనబడలేదు. నాకు ఊపిరి ఆడలేదు. పైకి వచ్చి, 'నేను దిగను నాన్నా' అని ఏడ్చాను. నాన్న తిట్టలేదు, కానీ చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మనవాళ్ళందరూ దిగిన చోటికి నేను దిగలేకపోయాను. కొండ ఎక్కింది గొప్ప కోసం కాదు, భయానికి. ఎక్కాక మాత్రం ఈ పని మీద ప్రేమ కలిగింది. పొద్దున్నే మంచులో పండ్లు కోసేవాళ్ళ మధ్య నిలబడితే నాకు ఊపిరి ఆడుతుంది.

ఫిట్టరు ధైర్యవంతుడే అయి ఉంటాడు. సారికకు ఈ సంగతంతా చెప్పాను. మీకు చెప్పకుండా మీ ఇంటి గడప తొక్కడం సరికాదనిపించింది.

చిన్న పొట్లం పంపుతున్నాను. నేనే వేయించి, విసిరి, రెండు కప్పులకు సరిపడా కొలిచి కట్టాను. నీళ్ళు పోయండి, ముప్పై లెక్కపెట్టండి, మిగతా నీళ్ళు పోయండి. అంతే. మీరు కాదన్నా సరే, తాగండి. ఇంత దూరం వచ్చిన కాఫీ.

ఇట్లు,
శాంతిరాజ్

తా.క.: దయచేసి దీపం వెలిగించకండి.


గోదావరిఖని,
20 డిసెంబరు 2010

చిరంజీవి శాంతిరాజ్‌ను గోదావరిఖని నుంచి యేసయ్య దీవించి రాయునది.

ఖాళీ నింపాను, చూసుకున్నావు కదా. ఇక నింపాదిగా కూర్చుని చదువు. నేను ఒప్పుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

గుడాలు నిజం. చిటపటకు ఉరకడమూ నిజం. ఆ అలవాటు నాతోనే పోతుంది. గ్యాస్ సంగతి మాత్రం కావాలని చేశాను. అర నిమిషం అంటే తెలియని మనిషిని కాను. ఏడిళ్ళ వాళ్ళు బయటికి రావడం నిజమే కానీ, వాళ్ళను నేను పిలిచింది 'కాఫీ తాగుదురు రండి' అని.

ఎందుకు చేశానంటావా? మనుషుల్ని పైకప్పు కిందికి పంపే ముందు సర్దారు దాన్ని కర్రతో కొట్టి చూస్తాడు. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా మోగుతుంది. చూపుకు రెండూ ఒకటే. నా బిడ్డ నీ నీడకు వస్తానంటుంది, కొట్టి చూడకుండా ఎట్లా పంపను? కోపం వస్తుందా, విసుగు వస్తుందా, అబద్ధమాడతావా, తప్పు సారిక మీదికి తోస్తావా అని ఉత్తరం వెనక ఉత్తరం కొట్టాను. నువ్వేమో నీ భయం సంగతి రాసి పంపావు. విను నాయనా. గనిలో నాకు భయం లేదు అన్నవాణ్ణి నేను ఎన్నడూ నా పక్కన నిలబెట్టుకోలేదు. వాడు తనూ చస్తాడు, పక్కవాణ్ణీ చంపుతాడు.

ఇంకొకటి ఉంది. ఇది ఎలిజబెత్‌కు తప్ప ఎవరికీ తెలియదు. నాకు వాసన తెలియదు. రిటైరైన రెండేళ్ళకు మెల్లగా పోయింది, దాని వెనకే రుచీ పోయింది. ఉప్పుందో లేదో నాలుక చెబుతుంది, అంతకు మించి చెప్పదు. మీ కొండల నిమ్మపూత సరే, మా ఇంటి చేపల పులుసు కూడా నాకు వేడినీళ్ళే. కాబట్టి ఈ పరీక్షలో నీ కాఫీ నా దగ్గర గెలవడానికీ దారి లేదు, ఓడడానికీ దారి లేదు. నా ఉత్తరాలు మళ్ళీ చదువు. రుచి ఎట్లా ఉందో నేను ఒక్క చోటా రాయలేదు. 'కనబడలేదు' అని మాత్రం రాశాను, అది పచ్చి నిజం. దొంగ రిపోర్టు రాసే చెయ్యి కాదిది.

నీ పొట్లం నిన్న ఆదివారం విప్పాం. నన్ను దూరంగా కూర్చోబెట్టి ఎలిజబెత్ చేసింది. ముప్పై దాకా పైకి లెక్కపెట్టింది. రెండు కప్పులు పోసి, నాకొకటి ఇచ్చి, తనొకటి పట్టుకుని గడప మీద కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆ మనిషి పని మధ్యలో కాకుండా, తన కోసమని ఒక కప్పు పట్టుకుని కూర్చోవడం నేను చూడలేదు. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"ఎట్లున్నదే?" అన్నాను.

కళ్ళు తెరిచి ఇంకో గుక్క తాగింది. తర్వాత, "మనం కొత్తగ గోలేటికి వచ్చినప్పుడు, ఇంటెనక నిమ్మచెట్టు ఉండె సూడు. వాన పడ్డంక దాని పూత వాసన ఇంట్లకు వస్తుండె. గట్లున్నది" అన్నది. నీ ఉత్తరాలు ఆమెకు నేనే చదివి వినిపిస్తాను. ఆ నిమ్మపూత మాట చదవకుండా దాటేశాను.

గా చెట్టు నాకు యాదికున్నది బిడ్డా. గా వాసన యాదికి లేకుండె. ఎలిజబెత్ మొఖంల జూసిన, అండ్ల కనబడ్డది. ఇగ నాకు వేరే రుచి ఏం గావాలె? నా కప్పు గూడ ఆమెకే ఇచ్చిన. తాగింది. ఇంక పొట్లం ఎప్పుడు వస్తదని అడుగుతున్నది.

క్రిస్మస్ పొద్దున ప్రార్థన అయినంక మీ అమ్మను, నాయినను తీసుకొని రా. నాయిన ఇంక ముభావంగ ఉంటె, యేసయ్య రమ్మన్నడని చెప్పు. మేమిద్దరం ఒక్క దీపం కింద నడిచినోళ్ళం. ఆయనకు నేను సమజ్ చేస్త.

ఇట్లు,
నీ మామ
యేసయ్య

తా.క.: ఎర్ర పెన్నుతోని కొట్టేసిన మాటను మళ్ళ రాసుకో.

మళ్ళీ తా.క.: ఆ ఫిట్టరుకు నవంబరులోనే మందమర్రి పిల్ల కుదిరింది. నీకు రాద్దామనుకుంటూనే మరిచిపోయిన.

ఆఖరి తా.క.: క్రిస్మస్ నాడు అందరికి గుడాలు పెడుతున్నం. ఫికర్ చెయ్యకు, ఈసారి శనగలే. కాని సదయ్య వెనక గోడకు సున్నం తడిపి పెట్టుకొని కూసున్నడు, ఆయనకొక్కనికి గుప్పెడు పచ్చి గింజలు జేబుల వేసుకొని రా.